కొట్టుకొనిపోవు మన్ను – బయల్పడు నాణెము

లోకమునందు మిక్కిలి చౌకయైన వస్తువేదియని యడిగినచో, మన్నని చెప్పువారే పెక్కుమంది. చెడిపోయినదానిని 'మట్టిపాలైన' దందుము. తెలివిలేనివానిని 'మట్టిబుఱ్ఱ' యందుము. అయినను రైతునకు మన్నే ధనము. చరిత్ర పరిశోధకునకు మన్నే గ్రంథము. ఈ ధనమును ఈ గ్రంథమును ఒక్కమాఱే యెట్లు నష్టమగుచున్నవో, ఆ నష్టమునందే కొందఱకు లాభమున్నట్లెట్లు తోచుచున్నదో ఈ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

కొన్ని దేశములలో మెటల్ డిటెక్టరు, అనగా లోహశోధక యంత్రము, చేతబట్టి పొలములలోను సముద్రతీరములలోను తిరుగుచు పాత నాణెములను, ఉంగరములను, గుండీలను వెదకుట యొక వినోదముగా ప్రబలియున్నది. మన దేశమునను ఈ యంత్రములు అంగళ్లలో దొరకుచున్నవి. మన విద్యార్థులకును ఇవి క్రొత్త కావు. ఉప్పల్ క్రీడారంగమునకు క్రికెట్టు పందెము చూడబోయినవారును, ఉప్పల్ మెట్రో స్టేషనులో రైలెక్కినవారును ఈ జాతి యంత్రము అమర్చిన ద్వారముగుండ నడచినవారే. ఆ ద్వారమునకును, పొలములో ద్రిప్పు చేతికఱ్ఱ యంత్రమునకును మూలసూత్ర మొక్కటియే. భేద మేమనగా, ద్వారమువద్ద మనుష్యుడు యంత్రము చెంతకు వచ్చును. పొలమున వస్తువు మన్నులో దాగి కదలక యుండును. కావున పొలమున యంత్రము పలుకుటయు పలుకకుండుటయు ఆ మన్ను మీదనే యాధారపడియున్నవి.

మన నేల యెట్టిది?

ఉప్పల్, నాచారము గ్రామముల క్రింద నున్నది గ్రానైటు రాయి. మౌలాలీ గుట్టమీద కంటికి గనబడు ఆ రాయియే మన యిండ్ల క్రిందను పఱచుకొనియున్నది. దాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఎండకు వానకు ఆ రాయి పొరలు పొరలుగా విడిపోయి, మొదట మొరమై, పిదప సన్నని యెఱ్ఱ ఇసుకపాటి మన్నై మాఱును. ఈ యెఱ్ఱమన్నునే తెలంగాణమున చెల్క యందురు. పల్లపు నేలలలోను చెరువు గర్భములలోను నల్లని రేగడియు ఒండ్రును చేరియుండును.

ఈ మన్నులో పైభాగమున జానెడు లోతు మాత్రమే నిజమైన పైమన్ను. ఆకులలములు క్రుళ్లిన సారమును, వానపాములును, కంటికి గనబడని సూక్ష్మజీవులును ఉండునది అందే. పైరు వేళ్లకు ఆహారము దొరకునదియు అందే. అట్టి పైమన్ను ఒక్క అంగుళము మందము ఏర్పడుటకు కొన్ని వందల యేండ్లు పట్టును. అది పోవుటకు కొన్ని గట్టి వానలు చాలును.

చెల్క నేలకు గట్టిపట్టు లేదు. వానచినుకు వచ్చి తాకినప్పుడు మట్టిరేణువులు చెదరి యెగురును. ఏటవాలున్నచో ఎగిరిన రేణువులలో నెక్కువపాలు క్రిందివైపునకే పడును. తరువాత నీరు పలుచని రేకుగా పాఱి సన్నని మన్నును కొనిపోవును. ఆ రేకు చిన్న చిన్న కాలువలుగా చీలినప్పుడు నేల గీతలు పడును. గీతలు లోతై వంకలగును. గడ్డియో పైరో కప్పియున్న నేలకు ఈ బాధ తక్కువ. దున్ని విడిచిన నేలకును, యంత్రములతో చదును చేసి వట్టిగా వదలిన నేలకును ఈ బాధ మిక్కుటము.

వస్తువు మన్నులోనికెట్లు దిగును?

ఎవరును పాతిపెట్టని వస్తువు నేలలోనికెట్లు దిగినదని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. దీనికి ఛార్లెస్ డార్విన్ పండితుడు సమాధాన మిచ్చియున్నాడు. ఆయన 1842లో ఇంగ్లండునందు తన యింటిచెంత నున్న పొలముమీద సుద్దముక్కలను చల్లించి, 29 యేండ్లకు, అనగా 1871లో, అచ్చట కందకము త్రవ్వించి చూచెను. ఆ సుద్ద 7 అంగుళముల లోతున తెల్లని గీతవలె కానవచ్చెను. దానిని త్రోసినవారెవరును లేరు. వానపాములు క్రిందిమన్నును మ్రింగి, పైకి తెచ్చి, కుప్పలుగా విడిచినందున సుద్ద క్రమముగా క్రిందికి దిగిపోయెను. ఆయన ఈ సంగతులను 1881లో గ్రంథముగా ప్రకటించెను. మన చెల్కలయందు వానపాములతోపాటు చెదపురుగులును చీమలును ఇట్టి పనియే చేయుచున్నవి. ఇవిగాక నాగలియు, గాలికి వచ్చిపడు దుమ్మును, మీదినుండి కొట్టుకొనివచ్చు మన్నును వస్తువును కప్పివేయును.

యంత్ర మెట్లు పలుకును?

విద్యుత్తునకు అయస్కాంతత్వమునకు గల సంబంధమును మైకేల్ ఫారడే 1831లో ప్రయోగపూర్వకముగా నిరూపించెను. మాఱుచుండు అయస్కాంతక్షేత్రము దగ్గఱనున్న లోహములో విద్యుత్ప్రవాహమును పుట్టించును. లోహశోధక యంత్రమున నొక తీగచుట్ట యుండును. దానిలో ప్రవాహము అటునిటు మాఱుచుండగా, ఆ ప్రభావము మన్నుగుండ క్రిందికి దిగి, నాణెములో చిన్న సుడివంటి ప్రవాహమును లేపును. ఆ సుడి తిరిగి తన ప్రభావమును పైకి పంపును. దానిని పట్టుకొని యంత్రము కూయును. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డు దేహమున దిగిన గుండును కనుగొనుటకు టెలిఫోనును కనిపెట్టిన గ్రహాంబెల్లు ఇట్టి సాధనమునే తయారుచేసెను గాని గుండు దొరకలేదు. డార్విన్ వానపాముల గ్రంథమును ఈ సాధనమును ఒక్క సంవత్సరమున వెలువడుట చిత్రము. రెండవ ప్రపంచయుద్ధకాలమున పోలండు దేశీయుడగు కొసాట్‌స్కి సైనికుల కుపయోగించు చేతియంత్రమును రూపొందించెను. యుద్ధానంతరమున నట్టి యంత్రములే వినోదమునకు వచ్చినవి.

ఈ శాస్త్రమునకు మన ఊరితో చుట్టఱికము గలదు. 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డుననే యున్నది. ఆ సంస్థవారు హెలికాప్టరునకు పెద్ద తీగచుట్టను వ్రేలాడదీసి, భూమిలోని జలములను వెదకిరి. అదియు ఈ సూత్రముమీద నడచునదే. చేతియంత్రము చెంబెడు మన్నును చూచును. ఆ యంత్రము వందల అడుగుల లోతును చూచును.

ఇప్పుడు ముఖ్యమైన లెక్క యొకటి చెప్పెదము. యంత్రమునుండి వస్తువునకు దిగు బలము దూరముతోబాటు మిక్కిలి వేగముగా క్షీణించును. వస్తువునుండి తిరిగివచ్చు బలమును అట్లే క్షీణించును. చిన్న వస్తువు చుట్ట వెడల్పునకు మించిన లోతున నున్నప్పుడు దూరము రెట్టింపైనచో ధ్వనిబలము సుమారు 64వ వంతునకు దిగిపోవును. కావుననే చేతియంత్రములు రూపాయిబిళ్లంత నాణెమును సాధారణముగా జానెడు లోతు దాటి కనుగొనజాలవు. ఈ క్షీణత యిట్టిదగుటచేతనే పైమన్ను రెండంగుళములు పోయినను యంత్రము పలుకులో గొప్ప మార్పు కలుగుచున్నది.

నలుబది యేండ్ల లెక్క

మన దేశమునందు సగటున ప్రతి హెక్టారునుండి, అనగా సుమారు రెండున్నర ఎకరముల నుండి, ఏటికి 16.4 టన్నుల మన్ను కదలిపోవుచున్నదని 1983లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. హెక్టారు నేలమీద ఒక మిల్లీమీటరు మందముగల మన్ను సుమారు 13 టన్నులు తూగును. కాబట్టి సగటున ఏటికి మిల్లీమీటరుకంటె నించుక ఎక్కువగా మన్ను పోవుచున్నదన్నమాట. ఈ లెక్కచొప్పున 40 యేండ్లలో 5 సెంటీమీటర్ల మన్ను పోవును.

ఇపుడు 25 సెంటీమీటర్ల లోతున నున్న నాణెమును ఊహింపుడు. 40 యేండ్ల క్రిందట యంత్రమునకు అది యందదు. నాణెమును ఎవరును కదల్పలేదు. మీది మన్ను మాత్రమే కదలిపోయెను. ఇప్పుడది 20 సెంటీమీటర్ల లోతున నున్నది. పైన చెప్పిన లెక్కచొప్పున దాని పలుకు సుమారు నాలుగు రెట్లు బలపడినది. నిన్నటివఱకు మౌనముగా నున్న పొలము నేడు పలుకుచున్నదన్నమాట. యంత్రము పట్టినవాడు తన యదృష్టమని సంతసించును. వాస్తవమున అది పైరు తినవలసిన మన్ను పోయినందుకు గుర్తు.

అన్ని నేలలును ఒక్కతీరు కావు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థవారు నల్లరేగడి నేలలో చిరకాలము జరిపిన పరీక్షలలో, పాత పద్ధతిని విడిచిన భూమినుండి ఏటికి హెక్టారుకు సుమారు 6 టన్నుల మన్ను పోగా, ఎత్తైన బోదెలు, గడ్డికాలువలు, వానకాలపు పైరు గలిగిన భూమినుండి ఒకటిన్నర టన్ను మాత్రమే పోయినది. కావున మన్ను పోవుట విధివ్రాత కాదు. మన చేతిలోని పని.

పలుకు పొలము, మూగ పొలము

ఎత్తునేలనుండి పోయిన మన్ను మాయమైపోదు, పల్లములో చేరును. అందుచేత నొక్క ఊరిలోనే రెండు విధముల పొలములు ఏర్పడును. ఎత్తున నున్న పొలములో నాణెము పైకి వచ్చినట్లు తోచును. పల్లపు పొలములో నాణెము ఇంకను లోతునకు దిగిపోవును. రెండును ఒకే కాలపువై యుండవచ్చును. యంత్రము మొదటిదానిని చూపును, రెండవదానిని చూపదు. అందుచేత యంత్రము పట్టినవాడు 'పూర్వులందఱు ఈ గట్టుమీదనే నివసించిరి. పల్లమున నెవరును లేరు' అని భ్రమపడును. యంత్రము చూపునది పూర్వులు నివసించిన చోటు కాదు. మన్ను పోయిన చోటు. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో పెక్కు పొరపాట్లు తొలగును.

మన్ను పోవుటవలన యంత్రమునకు మఱియొక చిక్కు కలదు. గట్టివాన వెలిసిన పిమ్మట చెల్క నేలపై నీరు పాఱిన గీతలలో నల్లని సన్న ఇసుక చారలు కానవచ్చును. గ్రానైటులోనుండి విడివడిన ఇనుపఖనిజపు రేణువులవి. తేలికమన్నును నీరు కొనిపోగా బరువైన రేణువులు అచ్చటనే నిలిచిపోవును. కంసాలుల వీథులలోని మన్నును పళ్లెములలో కడిగి బంగారు రజనును ఏఱువారు ఈ ఉపాయమునే యనుసరించెదరు. ఈ నల్లయిసుక యున్నచోట యంత్రము వట్టిగనే కూయును, లేదా నిజమైన వస్తువును మఱుగుపఱచును. పైమన్ను సాధారణముగా అడుగుమన్నుకంటె నెక్కువ అయస్కాంతగుణము కలదగుటచే, పైమన్ను పోయినచోటను మిగిలినచోటను యంత్రమును వేఱువేఱుగా సరిదిద్దుకొనవలసియుండును. మఱియు నాచారమువంటి పారిశ్రామికవాడల దాపున మేకులు, ఇనుపరజను, సీసామూతలు, రేకుముక్కలు వాననీటితో కొట్టుకొనివచ్చి పల్లములలో చేరును. అచ్చట యంత్రమునకు విశ్రాంతి యుండదు. వెదకువానికి ఫలము నుండదు.

ఇక వస్తువు సంగతి. రాగినాణెము ఏండ్ల తరబడి ఒకేచోట మన్నులో నున్నప్పుడు పైన పచ్చని పొర గట్టి, లోపలి లోహము కొంతవఱకు నిలుకడగా నుండును. మీది మన్ను పలుచనై, ఒకమాఱు తడిసి ఒకమాఱు ఎండుచుండగా ఆ నిలుకడ చెడును. రైతు చల్లు ఎరువులలోని లవణములును దానిని తినును. ఇనుపవస్తువులు పొరలుగా రాలిపోవును. కాబట్టి మన్ను పోవుట వస్తువును చూపుటయే గాక, చూపి చెడగొట్టును.

తెలుగునేలమీద నిదర్శనములు

వానకు మన్ను కదలినప్పుడు నేలను వెదకుట మన తెలుగువారికి యంత్రములకంటె పాత యలవాటు. కర్నూలు, అనంతపురము సీమలలో వజ్రకరూరు, జొన్నగిరి పరిసరములందు తొలకరి వానలు పడగానే జనులు ఎఱ్ఱచేలలో వంగి వజ్రములను వెదకుచుందురు. వాన పైమన్నును కడిగి రాళ్లను మిగుల్చునుగదా! ఆ సీమలో వేట యనగా ఏఱుటయేగాని త్రవ్వుట కాదు.

2020 నవంబరులో నివర్ తుపాను పిమ్మట కాకినాడ చెంతనున్న ఉప్పాడ తీరమున ఇసుకలో చిన్న చిన్న బంగారు పూసలు దొరకగా, స్త్రీలు పురుషులు పిల్లలు గుంపులుగా పోయి వెదకిరి. ఉప్పాడ తీరమును సముద్రము ఏండ్లతరబడి కోయుచున్నది. ఇండ్లును గుడులును నీట కలిసినవి. ఆ పూర్వపు ఇండ్ల సొత్తే పైకి వచ్చుచున్నదని ఆ యూరివారి నమ్మకము. ఒకని చేతికి పూస దొరకిన దినముననే మఱియొకని యింటి పునాది కదలుచున్నదని మఱవరాదు.

మూడవ నిదర్శనము మిక్కిలి విలువైనది. నేటి జగిత్యాల జిల్లాలో గోదావరి గట్టుననున్న కోటిలింగాలయందు నేలమీద దొరకిన నాణెములను కొందఱు శ్రద్ధగా ఏఱి, దాచి, పండితులకు చూపిరి. వానిలో సాతవాహన రాజ్యస్థాపకుడగు సిముకుని నాణెములును, అంతకుముందు పేరైన వినబడని గోబద, నారన మొదలగు స్థానిక రాజుల నాణెములును ఉండెను. పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు వానిని చదివి ప్రకటించిరి. పిదప రాష్ట్ర పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఏ నాణెము ఏ పొరలో నున్నదో దానినిబట్టి ఎవరు ముందు, ఎవరు వెనుక అను విషయమును విచారించుటకు వీలు కలిగెను. నేలమీద దొరకినది ప్రశ్నను పుట్టించినది. పొరలో దొరకినది సమాధానమునకు దారి చూపినది. ఆ నాణెములు ఏఱినవారు వానిని కరగించియుండినను, రహస్యముగా నమ్మియుండినను తెలంగాణ చరిత్రలో నొక అధ్యాయము మనకు దక్కియుండదు.

ఉప్పల్, నాచారముల సంగతి

మన ప్రాంతము వట్టి నేల కాదు. మౌలాలీ పరిసరములలో ఇనుపయుగపు బృహచ్ఛిలా సమాధులు బయల్పడినవి. అట్టి సమాధులలో ఇనుప పనిముట్లుండుట సామాన్యము. మూసీకి ఆవలిగట్టున చైతన్యపురివద్ద బండమీద విష్ణుకుండి రాజుల కాలపు ప్రాకృత శాసనము గలదు. ఈశాన్యమున కీసరగుట్టయందు ఆ కాలపు కట్టడములు త్రవ్వకములలో వెలువడినవి. ఇంత ప్రాచీనమైనవి కాకున్నను, 1959 వఱకు చెల్లుబడిలోనుండిన హైదరాబాదు హాలీ సిక్కా నాణెములు సంతలలో, బాటలలో, పొలములలో జాఱిపడియుండుట సహజము.

ఈ ఊళ్లు నిన్నమొన్నటివఱకు పొలములు. ఉప్పల్ భగాయత్ అను పేరే అది తోటభూమియని చెప్పుచున్నది. మూసీనీటితో తడిసిన తోటలకు రెవిన్యూ లెక్కలలో నున్న మాట యది. 2019 మొదలుకొని హెచ్.ఎం.డి.ఎ. వారు ఆ నేలను ప్లాట్లుగా వేలము వేసిరి. ఇట్లే చుట్టుప్రక్కల చెల్కలన్నియు కాలనీలైనవి. పొలములో వాన వందయేండ్లకు చేయు పనిని, ప్లాటులో జేసీబీ ఒక్క పూటలో చేయును. మొదట పైమన్నును గీకి ఒకవైపు త్రోయుదురు. పిదప పునాదికై మొరమును తీయుదురు. తుదకు టిప్పర్లతో వేఱుచోటినుండి మన్ను తెచ్చి పల్లమును పూడ్చుదురు. కట్టుటకు పూర్వము నెలల తరబడి వట్టిగానున్న ఆ నేలమీద వాన పడినచో మన్నంతయు నాలాలలోనికి దిగును. నాలాలు పూడినచో నీటికి దారి యుండదు. 2020 అక్టోబరు 13, 14 తేదీల కుండపోత వానకు నగరమందలి అనేక కాలనీలు నీట మునిగిన సంగతి మన తలిదండ్రు లెఱుగుదురు. ఆ నీరు ఎఱ్ఱగా నుండెనని చెప్పువారు, అది ఎవరి నేలయో ఆలోచింపవలెను.

టిప్పరు మన్ను చరిత్రకు గొప్ప చిక్కు తెచ్చును. ఉప్పల్ ప్లాటులో యంత్రము పలికి రాగిబిళ్ల యొకటి దొరకినదనుకొందము. అది ఉప్పల్‌దా? మన్నుతోపాటు ఏ చెరువునుండియో వచ్చినదా? చెప్పజాలము. పల్లెలలోను ఇట్టి చిక్కు కలదు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ కార్యక్రమమున చెరువుల పూడికమన్నును తీసి రైతులు పొలములకు తోలుకొనిరి. అది మిక్కిలి మంచిపని; కొట్టుకొనిపోయిన సారము తిరిగి చేనికి చేరినది. కాని ఆ మన్నుతో వచ్చిన వస్తువు ఆ పొలమునకు చుట్టమే గాని సంతానము కాదు. వస్తువు దొరకుటయు, వస్తువు చిరునామా దొరకుటయు రెండు వేఱువేఱు సంగతులు.

చట్టము, ధర్మము

మన ప్రాంతమున ఈ యంత్రమునకు ఒక చెడుపేరు వచ్చియున్నది. గుప్తనిధులున్నవను ఆశతో కొందఱు రాత్రివేళ యంత్రములతో పోయి, పాడుపడిన గుడులలోను కోటలలోను త్రవ్వి, విగ్రహములను పెల్లగించి, పట్టుబడి చెఱసాల పాలైన వార్తలు పత్రికలలో తఱచు చూచుచున్నాము. వారికి నిధి దొరకుట యరుదు. ఊరికి నష్టము మాత్రము తప్పదు. వినోదముగా వెదకువారు తాము అట్టివారము కామని చెప్పుకొనవచ్చును. కాని చట్టమెఱుగక త్రవ్వినచో ఇరువురి గునపమును ఒకటే గాయము చేయును.

1878వ సంవత్సరపు నిధుల చట్టప్రకారము, నేలలో దాగియున్న పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. తెలిపినవానికి చట్టము న్యాయము చేయును. సొంతదారు లేడని తేలినచో, వేఱు ఒప్పందము లేనప్పుడు, నాలుగింట మూడు పాళ్లు దొరకించుకొన్నవానికి, ఒకపాలు భూమి యజమానికి చెందును. ప్రభుత్వము ఆ వస్తువును కోరినచో వెల చెల్లించి తీసికొనును. దాచినవాడు తన పాలు పోగొట్టుకొనుటయే గాక శిక్షకును పాత్రుడగును. 1958 చట్టముక్రింద రక్షింపబడిన స్థలములలో అనుమతి లేక త్రవ్వరాదు. 1972 చట్టప్రకారము నూఱేండ్లు దాటిన పురావస్తువులను లైసెన్సు లేక అమ్ముట నేరము. వానిని ప్రజలు విదేశములకు పంపగూడదు.

ఇంగ్లండునందు 1997లో నొక యేర్పాటు ఆరంభమైనది. పొలములో వస్తువు దొరకినవారు స్వచ్ఛందముగా అధికారియొద్దకు తెచ్చి, దొరకిన చోటును చెప్పి వ్రాయించుకొందురు. ఇట్లు పదిలక్షలకు మించిన వస్తువులు లెక్క కెక్కినవి. వస్తువు ఇంటికి పోయినను దాని చరిత్ర దేశమునకు మిగిలినది. మన చట్టము వేఱైనను ఆ యలవాటులోని నీతి మనకును వర్తించును: చోటు వ్రాయని వస్తువు సగము పోయిన వస్తువే.

కాబట్టి నేలమీద పాత నాణెమో, పెంకో, ఇనుపముక్కయో కానవచ్చినచో విద్యార్థు లిట్లు చేయవలెను. త్రవ్వకుడు. తోమకుడు, పచ్చని పొరను గీకినచో అక్షరములు పోవును. ఆ చోటిని ఛాయాచిత్రము తీసి, దగ్గఱనున్న చెట్టో స్తంభమో గుర్తుగా వ్రాసికొనుడు. మన్ను అచ్చటిదేనా, తోలుకొనివచ్చినదా యని పెద్దలను అడుగుడు. పిదప ఉపాధ్యాయులకును తలిదండ్రులకును చెప్పి, వారిద్వారా రెవిన్యూ అధికారులకో పురావస్తుశాఖకో తెలుపుడు.

బాలురు చేయదగిన పరీక్షలు

యంత్రము లేకయే ఈ శాస్త్రమును నేర్చుకొనవచ్చును. మూడు పరీక్షలు చెప్పెదము.

మొదటిది. ఒక చెక్కపళ్లెములో చెల్కమన్ను నింపి, ఒకవైపు రెండంగుళములు ఎత్తి, మన్నుమీద నాలుగైదు రూపాయిబిళ్లలు పెట్టి, పూలకుండీలకు నీరుపోయు జల్లుచెంబుతో వానవలె నీరు చల్లుడు. కొంతసేపటికి ప్రతి బిళ్లయు సన్నని మట్టిస్తంభముమీద నిలిచియుండును. బిళ్ల క్రిందిమన్ను చినుకుదెబ్బ తప్పించుకొన్నది, చుట్టుమన్ను పోయినది. ఆ స్తంభపు ఎత్తే పోయిన మన్నుకు కొలత. మఱియొక పళ్లెములో గడ్డి పఱచి ఇట్లే చేసి, రెంటికి భేదము చూడుడు.

రెండవది. వాన వెలిసిన మఱునాడు ఆటస్థలమున నల్లయిసుక చారను వెదకి, అయస్కాంతమును కాగితములో చుట్టి దానిపై నడుపుడు. కాగితమునకు అంటుకొను రేణువులే యంత్రమును మోసపుచ్చునవి.

మూడవది. పాత వేపచెట్టుచుట్టు వేళ్లు పైకి తేలియున్నచో వాని యెత్తును స్కేలుతో కొలువుడు. ఆ వేళ్లు పుట్టినప్పుడు నేలలోనే యుండెను. చెట్టు వయస్సు పెద్దల నడిగి తెలిసికొని, ఏటికి ఎంత మన్ను పోయినదో భాగహారము చేయుడు. ఆ సంఖ్యను మీ పుస్తకమున వ్రాసికొని, ప్రతి సంవత్సరము కొలిచి చూచుకొనుడు.

వీనికి మించిన పని యొకటి కలదు. ఇంటియావరణలో వట్టినేలను విడువకుడు; గడ్డి పెంచుడు, ఆకులు పఱపుడు. ఇల్లు కట్టుకొను తలిదండ్రులారా, గీకిన పైమన్నును నాలాలోనికి త్రోయింపక ఒకచోట కుప్పవేసి కప్పియుంచి, ఇల్లు పూర్తియైన పిమ్మట తోటకు వాడుకొనుడు. నాణెము దొరకకపోయినను అది మన్నులోనే క్షేమముగా నుండును. ఇంకొక తరమువారు మనకంటె మంచి సాధనములతో దానిని చదువుకొందురు. మన్ను పోయినచో మాత్రము నాణెము మిగిలియు ప్రయోజనము లేదు. పైరు పండదు, పుట చదువబడదు. కావున నేలలో నేమి దొరకునో వెదకువారందఱు మొదట నేలను నిలుపుకొందురుగాక.